పక్క కుర్చీలోంచి తీసిన ఫొటో ఎవరిది?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను జర్మనీలో ఒక నగరపు సింఫనీ ఆర్కెస్ట్రాలో 11 ఏళ్లుగా వయోలా వాయిస్తున్నాను. చేరిన ఏడాది నుంచే తోటి వాద్యకారుల ఫొటోలు తీయడం అలవాటైంది. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, క్రిస్మస్ విందులు, ఉద్యోగ విరమణలు, ఏదీ వదలలేదు. ఇప్పటికి 14,000 ఫొటోలున్నాయి. గత జూలైలో మా హార్న్ వాద్యకారుడు ఒకాయన 34 ఏళ్ల తరువాత విరమించారు. చివరి కచేరీ అయ్యాక, తెర వెనుక హార్న్ పెట్టె మూయబోతూ ఆయన ఏడ్చారు. నేను ఫొటో తీశాను. నేను తీసినవాటిలోకెల్లా అదే మంచిదనిపించి ఆ రాత్రే మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. 80 మంది ఉన్న ఆ గ్రూపులో మెచ్చుకోనివారు లేరు. ఆయన మాత్రం మరునాడు గ్రూపు వదిలి వెళ్లిపోయారు, నా ఫోను తీయడం లేదు. వచ్చే నెలలో మా దగ్గర ఓబో (సన్నాయిలా ఊదే వాద్యం) వాయించే కొత్త అమ్మాయి పరీక్షాకాలం ముగించుకొని విందు ఇస్తోంది, ‘ఫొటోలు నువ్వే’ అంటోంది. కార్యాలయం వాళ్లేమో సీజన్ బ్రోషరు కోసం నా ఫొటోలు అడుగుతున్నారు. ‘ఇన్నేళ్ల ఆల్బముల్లో నువ్వెక్కడున్నావు?’ అని మా వారు అడుగుతున్నారు. కెమెరా పక్కన పెట్టేయమంటారా?

సమాధానం: అమ్మా, కెమెరా పక్కన పెట్టవద్దు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫొటో తీసినందుకే ఆయన నొచ్చుకున్నారని మీరు అనుకుంటున్నారు, నాకు అలా అనిపించలేదు. 11 ఏళ్లుగా మీ చేతిలో కెమెరా చూస్తున్న మనిషి, మీరు నాలుగడుగుల దూరంలో నిలబడ్డారని తెలిసి కూడా ముఖం తిప్పుకోలేదంటే, ఆ క్షణంలో ఆయన మిమ్మల్ని ఫొటోగ్రాఫరుగా చూడలేదు, ఎన్నో ఏళ్లు తన ముందు వరుసల్లో కూర్చున్న మనిషిగానే చూశారు. ఆ చనువు వల్ల దొరికిన ఫొటోను మీరు అదే రాత్రి, ఆయన ఇంటికి చేరి చొక్కా మార్చుకునేలోపే, 80 మంది చేతుల్లో పెట్టారు. ఆయనకు తగిలిన దెబ్బ అది. గ్రూపులో వచ్చిన మెచ్చుకోళ్లు దాన్ని తగ్గించలేదు, పెంచి ఉంటాయి కూడా. తన ఏడుపు బాగా కుదిరిందని 80 మంది చెబుతుంటే వినడం ఎవరికి బాగుంటుంది?

ఫొటో తీయడానికీ పంచడానికీ మధ్య ఉన్న ఈ తేడాను మీరున్న దేశంలో చట్టమే గుర్తించింది, దాని వెనుక ఉన్న కథ కూడా మీ సంగతికి మరీ దూరమైనది కాదు. 1898 జూలై 30వ తేదీ రాత్రి జర్మనీ మాజీ చాన్సలర్ బిస్మార్క్ హాంబర్గ్ దగ్గరి తన ఇంట్లో కన్నుమూస్తే, ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తెల్లవారేలోపే కిటికీలోంచి ఆ గదిలోకి చొరబడి, మెగ్నీషియం వెలుగులో భౌతికకాయాన్ని ఫొటో తీసి అమ్మజూపారు. కుటుంబం కోర్టుకెక్కి గెలిచింది గానీ, ఆ తీర్పు ఇంట్లోకి అక్రమంగా చొరబడ్డారన్న ఆధారం మీద నిలబడింది, ఎందుకంటే మనిషికి తన రూపం మీద హక్కు ఉందని చెప్పే చట్టం అక్కడ అప్పటికి లేదు. ఆ లోటు తీర్చడానికి వచ్చినది 1907 నాటి చట్టం. ఒకరి చిత్రాన్ని పంచాలన్నా, బహిరంగంగా ప్రదర్శించాలన్నా ఆ వ్యక్తి అంగీకారం ఉండాలనీ, చనిపోయాక కూడా 10 ఏళ్లపాటు దగ్గరి బంధువుల అంగీకారం కావాలనీ దాని 22వ సెక్షను చెబుతుంది. ఆ సెక్షను ఇప్పటికీ అమలులో ఉంది. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట రాయడం లేదు, కోర్టుకు వెళ్లే మనిషైతే ఆయన గ్రూపు వదిలి ఊరుకునేవారు కాదు. మీరు చేసిన పొరపాటు ఎక్కడుందో 100 ఏళ్ల కిందటే అక్కడివాళ్లు వేలు పెట్టి చూపించారని చెప్పడానికే రాస్తున్నాను.

నేనూ ఈ తప్పు చేసినవాణ్నే. 1980లలో మద్రాసులో సినిమా రికార్డింగులకు రెండో వయొలిన్ల వరుసలో వాయించేవాణ్ని, భుజాన వయొలిన్ పెట్టెతోపాటు ఒక సెకండ్‌హ్యాండ్ యాషికా కెమెరా వేలాడుతూ ఉండేది. రోలుకు 36 ఫొటోలు, కడిగించి ప్రింట్లు వేయించడానికి ఒక కాల్షీటు డబ్బులో మంచి భాగం పోయేది, అందుకని ఒక్కొక్కటి లెక్కపెట్టుకొని తీసేవాణ్ని. ఒక మధ్యాహ్నం టేకుకూ టేకుకూ మధ్య మా వరుసలోని పెద్దాయన ఒకరు బల్లమీద వెల్లకిలా పడుకొని, నోరు తెరుచుకొని, గుండెల మీద కమాను పెట్టుకొని నిద్రపోతూ కనిపించారు. తీశాను. నవ్వొచ్చే ఫొటో, నిజంగానే బాగా వచ్చింది. పెద్ద సైజులో ప్రింటు వేయించి క్యాంటీను గోడకు అంటించాను. వారంపాటు అందరూ నవ్వుకున్నారు, ఆయన కూడా నవ్వారు. ఎనిమిదో రోజున గోడ మీద ఆ ఫొటో లేదు, నాలుగు మూలలా జిగురు మరకలు మాత్రం మిగిలాయి. ఆయన నా దగ్గరికి వచ్చి, ‘అబ్బాయ్, నిన్న మా అల్లుడు ఇక్కడికి వచ్చాడు’ అన్నారు. అంతకంటే ఒక్క ముక్క కూడా అనలేదు.

తరువాత చాలా ఏళ్లకు అదే పెద్దాయన ఇంటినుంచి కబురు వచ్చింది, పదకొండో రోజు కార్యానికి వయొలిన్ పట్టుకొని ఉన్న ఫొటో కావాలని. ఆయన షష్టిపూర్తి నాడు నేను తీసినది ఒకటి ఉంటే ఇచ్చాను. స్టూడియోవాళ్లు దాన్ని ఆయన వరకే కత్తిరించి పెద్దది చేశారు. ఇప్పటికీ వాళ్ల హాల్లో ఉన్న ఆ పటంలో కుడి అంచున, దండకు కాస్త పైన, ఎవరిదో కమాను కొస మాత్రం కనిపిస్తూ ఉంటుంది. ఆ కమాను ఎవరిదో చెప్పగలవాళ్లం ఇప్పుడు ఇద్దరమో ముగ్గురమో మిగిలాం. మీ 14,000 ఫొటోలలో ఉన్నవారి పేర్లు, తేదీ, ఊరు, ఆ రోజు వాయించిన కృతి ఇప్పుడే రాసి పెట్టుకోండి, కంప్యూటరులోనూ, ప్రింట్ల వెనుకానూ. ప్రింటు వెనుక మాత్రం బాల్‌పెన్నుతో ఒత్తి రాయకండి. నేను అలా రాసినవాటిలో కొన్ని ఇవాళ ముందువైపు నుంచి కూడా చదువుకోవచ్చు.

బయటి ఫొటోగ్రాఫరు తీయలేని ఫొటో మీరు తీయగలరు, అందుకే మానవద్దంటున్నాను. బయటివాడు గురిపెట్టేది కండక్టరు చేతులకు, సోలో వాయిస్తున్నవారి వేళ్లకు. ద్వొర్జాక్ తొమ్మిదో సింఫనీలో తాళాలవాడికి ఉన్నది మొత్తం మీద ఒకే ఒక్క దెబ్బ అనీ, అదీ నాలుగో భాగంలో వస్తుందనీ, అంతవరకూ ఆ మనిషి ఎలా కూర్చుంటాడో, ఎప్పుడు లేచి నిలబడతాడో ఆ బయటివాడికి తెలియదు. బ్రామ్స్ మొదటి సింఫనీలో ట్రాంబోన్లు మూడు భాగాలు మౌనంగా ఉండి నాలుగోదానిలో గాని నోరు విప్పవని మీకు తెలుసు, ఆ ముగ్గురి ముఖాలు ఆ అరగంటలో ఎలా మారతాయో మీరు ఏళ్లుగా చూస్తున్నారు. కచేరీలో మీ చేతులు ఖాళీగా ఉండవు నిజమే, కానీ విరామాలు, ప్రయాణాలు, క్యాంటీను బల్లలు మీవే.

ఈ దారిలో మీకంటే ముందు నడిచినవారు ఉన్నారు. మిల్ట్ హింటన్ అనే అమెరికా జాజ్ బాస్ వాద్యకారుడు 1936లో క్యాబ్ కాలొవే ఆర్కెస్ట్రాలో చేరేనాటికే ఆయన చేతిలో చిన్న 35 మిల్లీమీటర్ల కెమెరా ఉంది, అంతకు ముందటి ఏడాది పుట్టినరోజుకు ఎవరో కానుకగా ఇచ్చారు. దానితో మొదలుపెట్టి జీవితకాలంలో 60,000 ఫొటోల దాకా తీశారు. నల్లజాతివారికి విడిగా పెట్టిన గదుల బోర్డుల కింద నిలబడిన సహవాద్యకారులు, రాత్రి రైల్లో సీట్లలోనే ఒరిగి నిద్రపోతున్న డిజ్జీ గిలెస్పీ, డానీ బార్కర్ ఆ ఫొటోలలో ఉన్నారు. నిద్రపోతున్న మనిషిని తీయడంలో నేను చేసిన పని, ఆయన చేసిన పని పైకి ఒకటే. అయితే ఆయన వాటిని క్యాంటీను గోడలకు అంటించలేదు. ఆ ఫొటోలలో చాలా భాగం దశాబ్దాలపాటు ఆయన ఇంట్లోనే ఉన్నాయి, వాటిలో కొన్ని 1988లో పుస్తకంగా వచ్చాయి. అంత ఓపిక నాకు లేకపోయిందని ఈ వయసులో కూడా నాకు కాస్త సిగ్గుగానే ఉంటుంది. ఆ రాత్రి మీకూ లేకపోయింది.

మీ వారు అడిగిన ప్రశ్నకు కూడా హింటన్ దగ్గరే జవాబు దొరుకుతుంది. 1958లో న్యూయార్కు హార్లెంలో ఒక ఇంటి మెట్ల మీద 57 మంది జాజ్ వాద్యకారులు చేరి దిగిన గ్రూపు ఫొటో ఒకటి జగత్ప్రసిద్ధం. ఆ ఉదయం హింటన్ కూడా అక్కడికి వెళ్లారు, వెళ్తూ ఇంటి సినిమా కెమెరాను భార్య మోనా చేతికిచ్చి, తాను పోయి ఆ 57 మందిలో ఒకరుగా నిలబడ్డారు. మీ వారిని ఈసారి విందుకు తీసుకువెళ్లి కెమెరా ఆయన చేతిలో పెట్టండి. ఫొటోలు వంకరగా వస్తే రానివ్వండి.

ఇక ఓబో అమ్మాయి విందు సంగతి. చదువుతున్న మిగతావారి కోసం ఒక మాట చెప్పాలి. జర్మనీ ఆర్కెస్ట్రాలలో ఎంపిక పరీక్ష గెలిచినంత మాత్రాన ఉద్యోగం ఖాయం కాదు, సాధారణంగా ఒక ఏడాది పరీక్షాకాలం ఉంటుంది, అది ముగిసేటప్పుడు తోటి వాద్యకారులే ఓటు వేసి ఉంచుకోవాలో వద్దో తేలుస్తారు. గట్టెక్కినవారు తమ ఖర్చుతో అందరికీ విందు ఇవ్వడం ఆనవాయితీ, దాన్ని ‘ఐన్‌స్టాండ్’ అంటారు. మన ఆఫీసుల్లో ప్రమోషను వచ్చినవాణ్ని ‘స్వీట్లేవి?’ అని పట్టుకోవడం లాంటిదే, పుట్టినరోజు నాడు కేకు ఎవరి పుట్టినరోజైతే వారే తెచ్చుకోవాలన్న పద్ధతి కూడా అక్కడ ఉంది. కాబట్టి ఆ సాయంత్రం ఆ అమ్మాయి అతిథి కాదు, ఇంటి యజమానురాలు. రొట్టె కోస్తూ, గ్లాసులు లెక్కపెడుతూ, ఏడాదిపాటు తనను తూకం వేసిన 80 మందికీ వడ్డిస్తూ ఉంటుంది. ఆ అలసట, ఆ తేలిక రెండూ ఆమె ముఖంలో ఒకేసారి కనిపిస్తాయి. వాటిని మీరు తప్పక పట్టుకుంటారు, అందులో నాకు అనుమానం లేదు. విందుకు ముందే ఆమెను క్యాంటీనులో పక్కకు పిలిచి, ఫొటోలు మొదట ఆమెకు ఒక్కదానికే ఇస్తాననీ, వాటిలో ఏవి ఎవరికి చూపాలో ఆమే చెప్పాలనీ మాట ఇవ్వండి. ఇతరులు ప్రధానంగా కనిపించే ఫొటోలకు వారినీ అలాగే అడగండి. ఫొటోలు వెంటనే రాకపోతే గ్రూపులో గోల చేస్తారు, చేయనివ్వండి.

ఆ రోజు మొదటి గంట కెమెరా సంచిలోంచి తీయకండి. ఇది నా చాదస్తమనుకున్నా సరే. మొదటి గంటలో అందరూ ఫొటో కోసం నవ్వుతారు, ఆ నవ్వులు ఫోనుల్లో ఎటూ నిండిపోతాయి. మీరు తిని, తాగి, నలుగురితో మాట్లాడి, ఆ పైన కెమెరా తీస్తే మీ చుట్టూ ఉన్నవారు మళ్లీ మామూలు మనుషులై ఉంటారు. ఫ్లాష్ వాడరని నాకు తెలుసు. చప్పుడు లేని షటరు వాడేటట్టయితే క్యాంటీను ఎల్‌ఈడీ దీపాల కింద ముందే ఒకటి తీసి చూసుకోండి, ఫొటో మీద అడ్డంగా చారలు పడవచ్చు. ఓబో అమ్మాయి చేతుల్ని కూడా ఒకటి తీయండి, ముఖ్యంగా రీడు (ఓబోలో ఊదేచోట పెట్టే రెల్లు ముక్క) చెక్కే కత్తి పట్టే వేళ్లను. వాళ్లలో చాలామంది రీడు నానబెట్టుకోవడానికి పాత ఫిల్ము రోళ్ల ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసుకుంటారు. ఆమె దగ్గర ఆ డబ్బా ఉంటే, మీ కెమెరా వంశానికి చెందిన వస్తువు ఆమె స్టాండు మీద ఉందన్నమాట. లేకపోతే నా అలమరలో ఓ ఇరవై ఉన్నాయి, పంపిస్తాను.

ఓటింగు జరిగే రోజున మాత్రం నడవాల్లోకి కెమెరా తీసుకువెళ్లకండి. ఫలితం తెలియక గోడకు ఆనుకొని నిలబడ్డ మనిషి ఫొటో ఎంత బాగా వచ్చినా, ఓటు వ్యతిరేకంగా పడితే అది ఎవరికీ ఇవ్వలేని ఫొటో అవుతుంది.

బ్రోషరు విషయం పెద్దదేమీ కాదు, ఇవ్వనని చెప్పండి. ఫొటోల మీద తీసినవారిగా మీకు హక్కు ఉండవచ్చు, కానీ మీ స్నేహితులు మీకు ఒప్పుకున్నది స్నేహితురాలిగా. టిక్కెట్లు అమ్మే కాగితానికి వారు ఒప్పుకున్నట్టు లెక్కకాదు. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించిన ఏడ్రియన్ సీగెల్ ఆ ఆర్కెస్ట్రాకే అధికారిక ఫొటోగ్రాఫరుగా కూడా పనిచేశారు, అక్కడ ఆయన కెమెరా దేనికోసమో అందరికీ ముందే తెలుసు. మీకు ఆ పని ఇష్టమైతే, మీ ఆర్కెస్ట్రాలో ఎన్నికైన ప్రతినిధులు ఉంటారు కదా, వారి ద్వారా అందరికీ తెలిసేలా, పారితోషికం మాట్లాడుకొని, ఫలానా రిహార్సల్‌లో తీస్తానని ముందుగా చెప్పి తీయండి. 11 ఏళ్ల పాత పెట్టె మాత్రం తెరవవద్దు.

మిగిలింది ఆయనకు రాయవలసిన ఉత్తరం. గ్రూపులో ఆ ఫొటోను అందరికీ పోయేలా చెరిపేసే గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి, ముందుగా ఆ గ్రూపులోనే రెండు వాక్యాలు పెట్టండి: అడగకుండా పెట్టడం నా తప్పు, దయచేసి మీ ఫోనుల్లోంచి తీసేయండి అని. ఆయన పేరు మళ్లీ ఎత్తవద్దు, కారణాలు చెప్పవద్దు, చర్చకు దిగవద్దు. ఆ తరువాత ఆయనకు ఫోను చేయడం మానండి, మెసేజీ అంతకన్నా వద్దు. కాగితం మీద, చేత్తో, ఒక పేజీ మించకుండా రాయండి. ‘ఆ ఫొటో నాకు చాలా ఇష్టం’ అన్న వాక్యం రాయాలనిపిస్తుంది మీకు, రాయకండి, ఆయన దానికి జవాబు చెప్పవలసిన ఇబ్బందిలో పడతారు. ఏం చేశారో రాయండి, చేయకుండా ఉండవలసిందని రాయండి, గ్రూపులో ఏం చెప్పారో రాయండి. ఫొటో ఒక్కటి మంచి కాగితం మీద ప్రింటు వేయించి వేరే కవరులో పెట్టి అంటించి, లోపల ఏముందో పైన రాసి, ఉత్తరంతోపాటు పంపండి. తెరుస్తారో, మూసే ఉంచుతారో, చింపేస్తారో ఆయన ఇష్టం. మీ దగ్గరున్న అసలు ఫైలు ఉంచమంటే ఉంచుతాననీ, చెరపమంటే చెరుపుతాననీ, అంతవరకూ ఎవరికీ చూపననీ రాయండి. జవాబు కోరవద్దు.

ఇంకొక్క సంగతి. మనకు తప్పు చేశామనిపిస్తే భాష దానంతటదే ఒక మెట్టు పైకి పోతుంది, నువ్వు అన్నవాణ్ని మీరు అంటాం. మీ ఆర్కెస్ట్రాలో అందరూ ఒకరినొకరు ‘డూ’ (జర్మన్‌లో ‘నువ్వు’) అనే పిలుచుకుంటూ ఉంటారు, ఆయన్ని మీరు 11 ఏళ్లుగా అలాగే పిలిచి ఉంటారు. ఉత్తరంలో మర్యాదకని ‘జీ’లోకి, అంటే ‘మీరు’లోకి మారారంటే, గ్రూపులోంచే కాదు, స్నేహంలోంచి కూడా ఆయన్ని బయటికి పంపినట్టే చదువుకుంటారు. ‘డూ’ అనే రాయండి.